డేట్‌కి ముందు వారం వచ్చే కోపం: స్వభావమా, శరీరమా?

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్తాను. అడిగినావిడది విజయవాడ పటమట, వయసు ముప్పై దాటింది, ఉద్యోగం చేస్తారు, ఒక బాబు. నెలసరి డేట్‌కి వారం ముందు నుంచి తను తనలా ఉండరట. చిన్న మాటకే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, బాబు పాలు ఒలకబోస్తే వీధి చివరిదాకా వినపడేలా అరుస్తారు, ఒకసారైతే ఆఫీసులో రాజీనామా మెయిల్ టైప్ చేసి పంపే ముందు ఆగిపోయారు. నెలసరి వచ్చిన రెండో రోజుకో మూడో రోజుకో అంతా మామూలు. భర్త మాత్రం "నీ నేచరే అంత, దానికి పీరియడ్స్ అని పేరు పెడుతున్నావు" అంటున్నారు. ఈలోగా ఫోన్‌లో ఒక పర్సనాలిటీ టెస్ట్ చేస్తే న్యూరోటిసిజం (త్వరగా కంగారు, దిగులు పడే గుణం) చాలా ఎక్కువ అని వచ్చింది. "అంటే ఆయన అన్నదే కరెక్టా? నా స్వభావమే ఇదైతే మందులు మాత్రం ఏం చేస్తాయి?" ఇదీ ప్రశ్న.

నేను గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టుని. మందులు రాసే డాక్టర్ని కాదు కాబట్టి మందుల గురించి చెప్పే భాగాన్ని మీ డాక్టరుతో మాట్లాడుకోవడానికి వాడుకోండి, సొంతంగా కొనుక్కోవడానికి కాదు.

సూటిగా చెప్పాలంటే మీ స్వభావం ఆ వారాన్ని పుట్టించదు. కాకపోతే ఆ వారంలో బయటపడేది ఏడుపు రూపంలో ఉంటుందా, అరుపు రూపంలో ఉంటుందా, లోపల లోపలే కుమిలిపోవడంగా ఉంటుందా, అయిపోయాక దాన్ని ఎన్ని రోజులు తవ్వుకుంటారు, డాక్టరు దగ్గర ఎంత తీవ్రంగా చెప్తారు అన్నవి మాత్రం స్వభావం మీద చాలా ఆధారపడతాయి. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే ఇళ్ళల్లో సగం గొడవలు.

ఇంతకీ ఆ టెస్ట్ మీరు ఏ రోజున చేశారు? ఇది చాలా ముఖ్యం. అలాంటి ప్రశ్నపత్రాల్లో "నాకు త్వరగా కోపం వస్తుంది", "చిన్న విషయానికే దిగులు పడతాను", "నా మూడ్ ఊరికే మారిపోతుంటుంది" లాంటి వాక్యాలే ఉంటాయి. డేట్‌కి నాలుగు రోజుల ముందు, మీ ఆయనతో మాటా మాటా పెరిగిన రాత్రి, పక్క గదిలో కూర్చుని ఫోన్‌లో ఆ టెస్ట్ చేస్తే దేనికి "కాదు" అంటారు చెప్పండి? నెలసరి ముందు ఇబ్బంది బాగా ఉండేవాళ్ళలో ఈ మార్కులు నెలలో ఏ రోజుల్లో నింపారన్నదాన్ని బట్టి మారతాయని పరిశోధకులు కూడా గమనించారు. కాబట్టి అదే టెస్ట్‌ని నెలసరి మొదలైన ఏడో రోజు నుంచి పదో రోజు లోపల, ప్రశాంతంగా ఉన్నప్పుడు మళ్ళీ చేయండి. అప్పుడు వచ్చింది కొంత నమ్మొచ్చు. కొంతే అంటున్నాను, ఎందుకంటే ఫోన్‌లో వచ్చే టెస్టుల్లో చాలావాటికి నాణ్యత అంతంతమాత్రమే.

న్యూరోటిసిజం అనేది జబ్బు పేరు కాదు. స్వభావాన్ని కొలవడానికి సైకాలజీలో ఎక్కువగా వాడే అయిదు కొలతల్లో అదొకటి, మిగతావి నలుగురిలో కలిసిపోయే గుణం, ఎదుటివాళ్ళతో సర్దుకునే గుణం, పద్ధతిగా ఉండటం, కొత్తవాటి మీద ఆసక్తి. న్యూరోటిసిజం అందరిలోనూ ఉంటుంది, కొందరిలో తక్కువ, కొందరిలో ఎక్కువ. ఎక్కువున్నవాళ్ళు త్వరగా కంగారు పడతారు, మాటని మనసుకి తీసుకుంటారు, తీసుకున్నాక తేరుకోవడానికి టైం పడుతుంది. పిల్లాడి స్కూల్ వ్యాను పది నిమిషాలు లేటైతే డ్రైవరుకి ఫోన్ మీద ఫోన్ చేసే తల్లి, ఆఫీసులో బాస్ గుడ్ మార్నింగ్‌కి బదులివ్వకపోతే సాయంత్రం దాకా అదే ఆలోచించే మనిషి, వీళ్ళంతా ఆ కోవలోకే వస్తారు. ఇలాంటివాళ్ళే చాలాసార్లు ఇంట్లో రాబోయే సమస్యని అందరికంటే ముందు పసిగడతారని కూడా చెప్పుకోవాలి, ఆ క్రెడిట్ మాత్రం వాళ్ళకి ఎవరూ ఇవ్వరు.

ఇక అసలు విషయం. న్యూరోటిసిజం ఎక్కువున్నవాళ్ళలో పీఎంఎస్ (నెలసరి ముందు రోజుల్లో వచ్చే ఇబ్బందులు) ఫిర్యాదులు కూడా ఎక్కువగా ఉంటాయా అంటే, ఉంటాయి. వేరు వేరు దేశాల్లో దశాబ్దాలుగా జరిగిన పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ కనబడిన సంగతి ఇది, కాదనడానికి లేదు. మిగతా నాలుగు కొలతల విషయంలో ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా వచ్చాయి. మీ ఆయన ఈ ఒక్క వాక్యం చదివి "చూశావా" అనేలోపు మిగతాది కూడా చదివించండి, ఎందుకంటే రెండు విషయాలు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని పుట్టించిందని కాదు.

మొదటి చిక్కు జ్ఞాపకంతో. చాలా పరిశోధనల్లో "పోయిన నెలల్లో డేట్ ముందు మీకెలా ఉండేది" అని అడిగి రాసుకుంటారు. ఇబ్బందుల్ని ఎక్కువగా గుర్తుపెట్టుకునే మనిషి ఆ ప్రశ్నకి ఎక్కువ మార్కులే వేసుకుంటుంది, అది అబద్ధమాడటం కాదు, జ్ఞాపకం అలా పనిచేస్తుంది. పైగా మన నమ్మకం కూడా అందులో చేరుతుంది. 1977లో డయాన్ రూబుల్ అనే పరిశోధకురాలు అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో విద్యార్థినుల మీద ఒక తమాషా ప్రయోగం చేసింది. మెదడు తరంగాలు చూసి డేట్ ఎప్పుడొస్తుందో చెప్పేస్తామని నమ్మించి, కొందరికి "రేపో ఎల్లుండో వచ్చేస్తుంది" అని, కొందరికి "ఇంకా చాలా టైం ఉంది" అని చెప్పారు. నిజానికి అందరూ దాదాపు ఒకే దశలో, డేట్‌కి వారం దూరంలో ఉన్నారు. వచ్చేస్తుంది అని విన్నవాళ్ళు ఒళ్ళు ఉబ్బరం, నొప్పులు లాంటివి ఎక్కువగా ఉన్నాయని రాశారు. దీన్ని పట్టుకుని "చూశారా, అంతా ఊహే" అనేవాళ్ళు ఉంటారు. ఆ ప్రయోగం చెప్పేది అది కాదు, జ్ఞాపకం మీద, నమ్మకం మీద ఆధారపడిన లెక్కల్ని నమ్మొద్దనే చెప్తోంది. అందుకే ఇప్పుడు రోజువారీ డైరీ లేకుండా ఖాయంగా డయాగ్నోసిస్ చేయరు, దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

రెండోది, కొంత నిజమైన చుట్టరికం కూడా ఉంది. కవల అక్కచెల్లెళ్ళ మీద అమెరికాలో, ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధనల్లో నెలసరి ముందు లక్షణాలకి వంశపారంపర్యం గట్టిగానే ఉందని తేలింది. ఆస్ట్రేలియా పరిశోధనలో ఆ జన్యు ప్రభావంలో కొంత న్యూరోటిసిజంతోనూ డిప్రెషన్‌తోనూ ఉమ్మడిగా ఉంది, కానీ చెప్పుకోదగ్గ భాగం ఆ రెండిటికీ సంబంధం లేకుండా విడిగా ఉంది. టెన్షన్‌కి ఎక్కువగా స్పందించే శరీరం నెలవారీ మార్పులకి కూడా ఎక్కువగా స్పందించే అవకాశం ఉంది, అక్కడితో ఆగాలి. "అక్కయ్యకి ఇలాంటివేమీ లేవు, నాకే ఎందుకు" అని కూడా మీరు అడిగారు. ఒకే తల్లి పిల్లలైనా స్వభావంలో ఎంత తేడా ఉంటుందో ఇందులోనూ అంతే ఉండొచ్చు.

మీ ఆయన వాదన నిలబడదని చెప్పడానికి నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించేది 1998లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ప్రయోగం. పీటర్ ష్మిట్, డేవిడ్ రూబినో బృందం అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో చేసింది. తీవ్రమైన పీఎంఎస్ ఉన్న స్త్రీలకి ల్యూప్రొలైడ్ అనే ఇంజెక్షన్‌తో అండాశయాల పని తాత్కాలికంగా ఆపేశారు. వాళ్ళలో చాలామందికి ఆ లక్షణాలు బాగా తగ్గాయి. అలా తగ్గిన 10 మందికి అండాశయాల హార్మోన్లయిన ఈస్ట్రోజెన్ గానీ ప్రొజెస్టిరాన్ గానీ తిరిగి ఇస్తే దిగులు, చిరాకు మళ్ళీ వచ్చాయి. ఏ సమస్యా లేని 15 మందికి అదే ఇంజెక్షన్, అవే హార్మోన్లు ఇస్తే వాళ్ళ మూడ్‌లో మార్పేమీ లేదు. ఆలోచించండి, ఆ పదిమంది స్వభావం నెలల్లో రెండుసార్లు మారిపోయిందా? మనిషి అదే, ఇల్లు అదే, భర్త అదే, హార్మోన్ ఆపితే తగ్గింది, ఇస్తే వచ్చింది. స్వభావమే కారణమైతే ఇంజెక్షన్‌కి లొంగేది కాదు.

అదే ప్రయోగంలో ఇంకో సంగతి కూడా ఉంది. సమస్య ఉన్నవాళ్ళ హార్మోన్ల స్థాయిలో తేడా కాదు, మామూలు స్థాయికే వాళ్ళ మెదడు స్పందించే తీరులో తేడా. ప్రొజెస్టిరాన్ శరీరంలో అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థంగా మారుతుంది, అది మామూలుగా మెదడులో గాబా అనే వ్యవస్థ ద్వారా మనసుని నెమ్మదింపజేస్తుంది, కొందరిలో దాని హెచ్చుతగ్గులకి మెదడు సరిగ్గా సర్దుకోలేకపోతోందని ఇప్పుడు ఎక్కువమంది నిపుణుల అవగాహన. అందుకే ల్యాబులో వేలు పోసి హార్మోన్ ప్యానెల్ చేయించుకుని "అన్నీ నార్మల్" అని రిపోర్టు వస్తే, "నార్మల్ అయితే మరి నీకేంటి" అన్న మాట పడాల్సిన పని లేదు. నార్మల్ రావడమే మామూలు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ మాత్రం చూపించుకోండి, ఆ రెండూ తేడాగా ఉంటే నీరసం, చిరాకు నెలంతా ఉండి డేట్ ముందు ఇంకా ఎక్కువైనట్టు అనిపిస్తాయి.

మీ ఇంట్లో ఇది ఫోన్లు వచ్చాక పుట్టిన ఫ్యాషన్ అనుకుంటే, న్యూయార్క్ గైనకాలజిస్టు రాబర్ట్ ఫ్రాంక్ 1931లోనే దీని గురించి రాశాడు, 1953లో కాథరీనా డాల్టన్, రేమండ్ గ్రీన్ దీనికి ప్రీమెన్స్ట్రువల్ సిండ్రోమ్ అన్న పేరు ఖాయం చేశారు, మనసు మీద తీవ్రంగా పడే రకాన్ని పీఎండీడీ పేరుతో 2013లో అమెరికా మానసిక వైద్యుల డీఎస్ఎం-5 గ్రంథం డిప్రెషన్ జబ్బుల విభాగంలో చేర్చింది. పీఎంఎస్ చాలామందికి ఏదో ఒక స్థాయిలో ఉంటుంది. పీఎండీడీ తక్కువ, ఆ గ్రంథం ప్రకారం నెలసరి వచ్చే స్త్రీలలో నూటికి సుమారు ఇద్దరి నుంచి ఆరుగురి దాకా. దానికి 11 లక్షణాల్లో కనీసం 5 ఉండాలి, అందులో ఒక్కటైనా మూడ్ ఊగిసలాట, చిరాకు లేదా కోపం, దిగులు, టెన్షన్ ఈ నాలుగింటిలోది అయి ఉండాలి. ఉద్యోగమో ఇల్లో సంబంధాలో దెబ్బతినేంతగా ఉండాలి. నెలసరి మొదలైన కొద్దిరోజుల్లో తగ్గి, ఆ తర్వాతి వారం దాదాపు ఏమీ ఉండకూడదు. మీ మాటల్ని బట్టి చూస్తే ఆ దారిలోనే ఉంది, కానీ ఉత్తరం చూసి డయాగ్నోసిస్ చెప్పడం సరికాదు.

ఇక స్వభావం ఎక్కడ పనిచేస్తుందో చెప్తాను. ఇవి ఏ ఒక్కరి కథా కాదు, చాలామందిలో చూసినవి కలిపి చెప్తున్నాను. కంగారు స్వభావం ఉన్నవాళ్ళకి డేట్ ముందు వచ్చేది కోపం కంటే భయం. గుండె దడ, పిల్లలకి ఏమన్నా అవుతుందేమో, తలుపు గడియ వేశామా లేదా, ఇలా. వీళ్ళలో ఇంకో ఇబ్బంది ఏంటంటే డేట్‌కి రెండు వారాల ముందు నుంచే "వచ్చేస్తోంది, ఈసారి ఏం గొడవ అవుతుందో" అని ఎదురుచూడటం మొదలవుతుంది, దాంతో వారం కాస్తా పదిహేను రోజులవుతుంది. మాట తొందర ఉన్నవాళ్ళకి ఆ వారంలో సమస్యంతా చేతలతో. మెయిల్ కొట్టేయడం, వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులోంచి బయటికొచ్చేయడం, ఆడపడుచుకి అర్ధరాత్రి మెసేజ్ పెట్టడం. ఫీలింగ్ మూడురోజుల్లో పోతుంది, మెసేజ్ ఉండిపోతుంది. మీ మెయిల్ సంగతి వింటే మీలో ఇది కొంత ఉన్నట్టుంది. అన్నీ పద్ధతి ప్రకారం ఉండాలనుకునేవాళ్ళు మాత్రం బయటికి ఏమీ కనబడనివ్వరు, ఆ వారంలో పని సగమే అవుతుంది కాబట్టి తమని తామే తిట్టుకుంటారు. క్లినిక్కుకి వీళ్ళు వచ్చేది అందరికంటే లేటుగా, అదీ నడుంనొప్పి అనో నిద్రలేమి అనో చెప్పి.

నేను అందరికంటే ఎక్కువ ఆలోచించేది ఓర్పుగల కోడళ్ళ గురించి. మన వైపు "నోట్లో నాలుక లేని పిల్ల" అని మెచ్చుకుంటామే, ఆ రకం. మూడు వారాలు అత్తగారి మాటలు, ఆడపడుచు పిల్లల ట్యూషన్ ఖర్చు, ఆదివారం కూడా పొద్దున్నే నలుగురికి టిఫిన్, అన్నిటికీ సరే అంటారు. నాలుగో వారంలో ఒక చిన్న మాటకి అంతా బద్దలవుతుంది. అప్పుడు ఇంట్లో అందరూ "డేట్ దగ్గరకొచ్చిందా" అని నవ్వుతారు, ఆ ఒక్క ప్రశ్నతో ఆమె చెప్పిన విషయం కూడా కొట్టుకుపోతుంది. ఆస్ట్రేలియాలో జేన్ అషర్ అనే పరిశోధకురాలు చాలాకాలంగా చెప్పేది ఇదే, నెలంతా తనని తాను అణచుకునే స్త్రీలో ఆ రోజుల్లో ఆ అదుపు తప్పుతుందని, అప్పుడు బయటికొచ్చే ఫిర్యాదులో చాలాసార్లు నిజం ఉంటుందని. హార్మోన్ల ప్రభావం గొంతు స్థాయిని పెంచి ఉండొచ్చు, ఆదివారం టిఫిన్ల సంగతిని అది కల్పించలేదు కదా. అందుకని ఆ వారంలో మీకు కోపం తెప్పించినవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, అప్పుడు మాట్లాడకండి. నెలసరి అయిపోయిన వారంలో తీసి చదవండి. "దీనికా ఇంత చేశాను" అనిపించినవి కొట్టేయండి. అప్పుడు కూడా ఒళ్ళు మండించేవి ఒకటో రెండో మిగులుతాయి, వాటిని ఆ ప్రశాంతమైన వారంలోనే ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడండి.

ఇక డైరీ. ఇది తప్పనిసరి, కనీసం రెండు నెలసరులు. డాక్టర్లు వాడే పద్ధతిలో ఒక్కో లక్షణానికి రోజూ 1 నుంచి 6 దాకా మార్కు వేస్తారు, 1 అంటే అసలు లేదు, 6 అంటే చాలా తీవ్రం. పెద్ద చార్టు అక్కర్లేదు, పిల్లాడి పాత నోటుబుక్కు చాలు. కోపం, దిగులు, టెన్షన్, ఊరికే ఏడుపు, నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస, ఒంటి నొప్పులు, ఇంతే వరసలు. రోజూ రాత్రి పడుకునేముందు, ఆ రోజుకి మాత్రమే, ముందు పేజీ తిప్పి చూడకుండా వేయాలి. మూడురోజులవి కలిపి ఒకేసారి వేస్తే అది డైరీ కాదు, జ్ఞాపకమే. పక్కన ఒక చిన్న వరసలో ఆ రోజు ఏం జరిగిందో రెండు ముక్కలు: ఆఫీసులో క్లోజింగ్, బాబుకి జ్వరం, రాత్రంతా కరెంటు లేదు. రోహిణి కార్తెలో బెజవాడలో కరెంటు పోయిన రాత్రి ఎవరి డైరీలోనైనా చిరాకుకి 5 ఉంటుంది, దానికి అండాశయాల తప్పేం లేదు.

ఒక సంగతి మనవాళ్ళలో చాలామంది డాక్టరుకి చెప్పరు. వరలక్ష్మీ వ్రతానికో, దసరాకి కొండ మీదికి వెళ్ళడానికో, తిరుపతి ప్రయాణానికో, ఇంట్లో పెళ్ళికో డేట్ వాయిదా వేయడానికి మందుల షాపులో మాత్రలు కొని వేసుకుంటారు. అవి కూడా హార్మోనే, ప్రొజెస్టిరాన్ తరహా మందు. అవి వేసుకున్న నెల లెక్కలోకి రాదు, కొందరికి ఆ మాత్రలతోనే మూడ్ పాడవుతుంది. శ్రావణ మాసంలో డైరీ మొదలుపెడితే ఇది గుర్తుంచుకోండి.

మీ ఆయనకి నమ్మకం కుదరడం లేదు కాబట్టి ఆయన్నీ ఇందులోకి దింపొచ్చు. రోజూ రాత్రి "ఈ రోజు నా మూడ్ నీకెలా కనబడింది" అన్నదానికి 1 నుంచి 6 లోపు ఒక అంకె ఆయన విడిగా వేయాలి, మీ డైరీ చూడకూడదు, మీ డేట్ ఎప్పుడో ఆయనకి చెప్పకూడదు. ప్రిన్స్‌టన్ అమ్మాయిల్లాగే ఆయన కూడా తేదీ తెలిస్తే ఆ తేదీకి తగ్గట్టే చూస్తాడు. కుదరకపోతే మానేయండి, ఇదో పెద్ద షరతు కాదు.

రెండు నెలలయ్యాక చూడాల్సింది డేట్ ముందు వారం కాదు, ముందు వారం చెడ్డగా ఉందని మీకు ముందే తెలుసు. చూడాల్సింది నెలసరి ఆగిన తర్వాతి వారం. ఆ పేజీల్లో దాదాపు అన్నీ 1, 2 ఉంటే స్వభావం అన్న వాదన అక్కడితో సరి, ఎందుకంటే స్వభావం నెలకి మూడు వారాలు సెలవు తీసుకోదు. ఆ వారంలో కూడా 3, 4 ఉండి, డేట్ ముందు 5, 6 కి వెళ్తుంటే కథ వేరు. అప్పటికే ఉన్న డిప్రెషన్ గానీ, ఆందోళన జబ్బు గానీ, భావోద్వేగాలు అదుపులో ఉండని పర్సనాలిటీ సమస్య గానీ ఆ రోజుల్లో ముదురుతోందని అర్థం. పీఎండీడీ అనుకుని వచ్చేవాళ్ళలో ఇలాంటివాళ్ళు చాలామందే ఉంటారు. ఇది సిగ్గుపడే విషయం కాదు, కాకపోతే అప్పుడు వైద్యం నెలంతా ఉన్న సమస్యకి జరగాలి, ఒక్క వారానికి కాదు. ఇక్కడ తేడా తెలియకపోతే ఏళ్ళ తరబడి తప్పు మందు వాడే ప్రమాదం ఉంది.

మందుల సంగతికొస్తే, మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఎస్ఎస్ఆర్ఐ మందులకి ఆధారం గట్టిగా ఉంది. వాటిలో ఒకటైన ఫ్లూఆక్సెటిన్‌కి పీఎండీడీ కోసం 2000లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. డిప్రెషన్‌లో ఇవి పనిచేయడానికి వారాలు పడితే పీఎండీడీలో కొద్దిరోజుల్లోనే పనిచేస్తాయి, అందుకే కొందరికి నెలలో రెండో సగంలో మాత్రమే ఇస్తారు. ఇది కూడా స్వభావం వాదనకి ఎదురు సాక్ష్యమే. డాక్టరుకి ఒక్కటి మాత్రం దాచకండి, మీకు గానీ ఇంట్లో దగ్గరవాళ్ళకి గానీ నిద్ర లేకుండా విపరీతమైన హుషారు, అడ్డూ అదుపూ లేని ఖర్చులు లాంటి దశలు ఎప్పుడైనా వచ్చి ఉంటే, అంటే బైపోలార్ అనుమానం ఉంటే, ఈ మందు ఇవ్వడానికి ముందు వాళ్ళు ఆలోచిస్తారు. డ్రాస్పిరినోన్ అనే హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఇంకో దారి, వాటికి గైనకాలజిస్టు బీపీ చూడాలి, మైగ్రేన్, రక్తం గడ్డకట్టిన చరిత్ర అడగాలి.

క్యాల్షియం తేలిగ్గా తీసిపారేయకండి. 1998లో వచ్చిన ఒక ప్రయోగంలో 466 మందిని చూశారు, రోజుకి 1200 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్ళలో మూడో నెలసరికి లక్షణాలు 48 శాతం తగ్గాయి, ఉత్త మాత్ర తీసుకున్నవాళ్ళలో 30 శాతం. ఆ 30ని కూడా చూడండి, ఏ మందూ లేకుండానే అంత తగ్గింది, ఎవరైనా "మా పొడితో నెలలో మాయం" అంటే అందుకే నమ్మకూడదు. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు ఎలాగూ తింటాం, వాటితో ఎంత అందుతోందో చూసి మిగతాది డాక్టరు చెప్తారు, కిడ్నీలో రాళ్ళు ఉన్నవాళ్ళు అడక్కుండా మొదలుపెట్టొద్దు. బీ6 విటమిన్ కొందరికి కొంత పనిచేస్తుంది, కానీ పెద్ద డోసుల్లో ఎక్కువకాలం వాడితే నరాలు దెబ్బతింటాయి. మన దగ్గర ఆడవాళ్ళు చిరాకు పడితే నరాల బలహీనత అని బలానికి సూదులు వేయించే అలవాటు ఇంకా పోలేదు, దానికి దూరంగా ఉండండి.

మీరు చివర్లో అడిగారు, స్వభావమే అయితే ఏం చేయగలం అని. ఆ ప్రశ్నలోనే స్వభావం మారదన్న నమ్మకం ఉంది, అది నిజం కాదు. వయసుతో చాలామందిలో న్యూరోటిసిజం నెమ్మదిగా తగ్గుతుంది, కౌన్సెలింగ్‌తో అంతకంటే త్వరగా తగ్గుతుంది. 2017లో బ్రెంట్ రాబర్ట్స్ బృందం రెండొందలకు పైగా పరిశోధనల్ని కలిపి చూస్తే చికిత్సతో అన్నిటికంటే ఎక్కువ మారింది ఈ కొలతే. మీ విషయంలో కౌన్సెలింగ్‌లో చేసేది ఆలోచనల్ని తవ్వుకోవడం తగ్గించడం, కోపానికీ చేతకీ మధ్య కొంచెం దూరం పెట్టడం. ఆ వారంలో మెయిల్ ఎంతైనా టైప్ చేయండి, కానీ ఎవరికి పంపాలో ఆ అడ్రసు గడి ఖాళీగా ఉంచండి. రాజీనామా, ఇల్లు మారడం, పుట్టింటికి వెళ్ళిపోవడం లాంటివి నెలసరి మూడో రోజు తర్వాతే నిర్ణయించుకుంటానని మీతో మీరే ఒప్పందం చేసుకోండి. బాబుకి కూడా "అమ్మకి ఈ రెండురోజులు ఒంట్లో బాలేదు, నీ తప్పేం లేదు" అని చెప్పొచ్చు, వాడికి ఆ ముక్క చాలా అవసరం.

ఆ రోజుల్లో ఎప్పుడైనా చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తే డైరీ, రెండు నెలలు, ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పీఎండీడీలో ఆ ఆలోచనలు రావడం అరుదు కాదు. టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

లేదంటే ఈ నెల నుంచే నోటుబుక్కు మొదలుపెట్టి, రెండు నెలసరులు పూర్తయ్యాక దాన్ని పట్టుకుని ముందు సైకియాట్రిస్టుని కలవండి. మీకు ఆసుపత్రులుండే సూర్యారావుపేట దగ్గరే, గుంటూరు వైపు వాళ్ళకి బ్రాడీపేట, అరండల్‌పేట ఉన్నాయి, గవర్నమెంటు జనరల్ ఆసుపత్రికి వెళ్తే ఓపీలో చూస్తారు. డైరీ ముందు పెట్టి "ఇది పీఎండీడీనా, ముందే ఉన్నది డేట్‌కి ఎక్కువవుతోందా" అని ఇదే మాటతో అడగండి. గర్భనిరోధక మాత్రల దారి ఆలోచిస్తుంటే, లేదా త్వరలో రెండో బిడ్డ కావాలనుకుంటుంటే గైనకాలజిస్టుని కూడా కలపాలి, ఆ సంగతి మందు మొదలుపెట్టక ముందే చెప్పాలి. మీ ఆయన వస్తానంటే వెంట తీసుకెళ్ళండి.